కుక్కమాంసం, కాకరకాయ

విన్నిపెగ్‌లో ఆ టర్మ్ నాకు దొరికిన ఒకే ఒక్క ఎలెక్టివ్ సెల్టిక్ పురాణాలు. ఇష్టపడి తీసుకున్నది కాదు. కాఫీ షాపులో నా షిఫ్టుకు అడ్డం రాని క్లాసు అదొక్కటే. నాలాగే ఆలోచించినవాళ్లు చాలామంది ఉన్నట్టున్నారు, మొదటిరోజు గదిలోకి అడుగుపెడితే ఒకవైపు తెలుగు, ఒకవైపు పంజాబీ. ఐర్లండ్ దేవుళ్ల గురించి చెప్పడానికి వచ్చిన నెరిసిన జుట్టు మేడమ్ మమ్మల్ని చూసి కాసేపు గుమ్మంలోనే ఆగిపోయింది. పాపం, ఆ ఏళ్లలో ఏ కాలేజీలో చూసినా మేమే.

ఆవిడ బాగా చెప్పేది. యుద్ధంలో ఓడిన దేవుళ్లు నేల పైభాగం మనుషులకు వదిలేసి, పచ్చటి దిబ్బల కిందికి దిగిపోయి అక్కడే కాపురాలు పెట్టుకున్నారట. అక్కడ ముసలితనం లేదు, విందుకు ముగింపు లేదు. "మన బేస్‌మెంట్ లాగానే" అన్నారు వెనక నుంచి ఎవరో తెలుగులో. మేం ఐదుగురం అమ్మాయిలం ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లం. విందు సంగతి మాత్రం అడక్కండి.

అక్టోబరులో ఓ పొద్దున అమ్మ ఫోన్ చేసి బాబాయి పోయాడని చెప్పింది. గుండెపోటు. నాకు సైకిల్ నేర్పిన మనిషి, నా మార్కుల గురించి ఒక్కసారి కూడా అడగని మనిషి. "నువ్వు వచ్చేసరికి అన్నీ అయిపోతాయమ్మా, రావద్దులే" అంది అమ్మ. సరే అన్నాను. ఫోన్ పెట్టేసి షిఫ్టుకు వెళ్లాను. మాకు పదిరోజుల మైల. ఇంటి దగ్గరైతే నా చేతి మంచినీళ్లు ఎవరూ ముట్టరు. ఇక్కడ ఆ చేతులతోనే రోజంతా కాఫీలు అందించాను, అందరూ థాంక్యూ అన్నారు. ఏడుపు మాత్రం రాలేదు. వస్తుందేమోనని రెండుసార్లు బాత్రూంలోకి వెళ్లి నిలబడి చూశాను. సొంత బాబాయి పోతే ఏడవలేనిదాన్ని ఇంకెవరి కోసం ఏడుస్తానని భయం వేసింది. ఆ భయం కూడా ఎక్కువసేపు లేదు.

ఆ వారమే మేడమ్ ఒక వీరుడి కథ చెప్పింది. అతనికి రెండు కట్టుబాట్లు. కుక్కమాంసం తినకూడదు, ఎందుకంటే అతని పేరులోనే కుక్క ఉంది. దారిలో ఎవరైనా పొయ్యి దగ్గరికి పిలిచి తిండి పెడితే కాదనకూడదు. చివరి యుద్ధానికి పోతుంటే ముగ్గురు ముసలమ్మలు దారి పక్కన కుక్కను కాలుస్తూ, మా పేదల తిండి నీకు ఆనదా అని దెప్పిపొడిచారు. తప్పక ముక్క అందుకున్నాడు. అందుకున్న చెయ్యి మొద్దుబారిపోయింది. ఆ రోజే ఒంటినిండా గాయాలతో, పడిపోయి చావకూడదని, తనను తాను ఒక నిలువురాయికి కట్టుకుని నిలబడే ప్రాణం వదిలాడు.

అతను తప్పించుకునే దారి ఉందా, రెండు పేజీలు రాసుకురండి అంది మేడమ్. నేను రెండు పేజీల్లో రాసింది ఒక్కటే ముక్క. కాశీలో వదిలేశానని చెప్తే సరిపోయేది.

మేడమ్‌కు అర్థం కాక క్లాసయ్యాక నన్ను ఆపింది. చెప్పాను. కాశీకి వెళ్లినవాళ్లు తమకు ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి వస్తారు. మళ్లీ జన్మలో తినరు. ఆ మాట చెప్తే ఇంక ఎవరూ బలవంతపెట్టరు. మా పిన్నికి కాకరకాయంటే ప్రాణం. పెళ్లైన కొత్తలో ఆవిడ వేపుడు చేసి వడ్డించబోతే, బాబాయి కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, కాశీలో వదిలేశానన్నాడు. మనిషి విజయవాడ దాటి ఎరగడు. పిన్నికి ఆ సంగతి తెలుసు. అయినా ముప్పై ఏళ్లూ తనొక్కదానికే చిన్న మూకుట్లో వేయించుకుంది.

"కానీ అది అబద్ధం కదా, వీరుడు అబద్ధమాడడు" అంది మేడమ్.

"మా బాబాయి వీరుడేం కాదండీ. కాశీ టికెట్ చూపించమని ఆయన్నెవరూ అడగరు" అన్నాను.

మేడమ్ నవ్వింది. నేనూ నవ్వాను. బాబాయి పోయి అప్పటికి ఆరు రోజులు. ఆ మాట మేడమ్‌కు చెప్పాలనిపించలేదు. కారిడార్‌లో నడుస్తూ కళ్లు తుడుచుకుని చూసుకున్నాను, పొడిగానే ఉన్నాయి. ఆ పేపర్‌కు మంచి గ్రేడే వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున బస్టాపులో ఉండగా పిన్ని ఫోన్ చేసింది. కాశీ నుంచి. కొన్ని అస్థికలు దాచి ఉంచారట, వాళ్లబ్బాయీ తనూ తీసుకెళ్లి గంగలో కలిపారట. ఫోన్ కోసం గ్లవ్ తీశాను, నిమిషంలో వేళ్లు మొద్దుబారాయి.

"మొత్తానికి మీ బాబాయికి కాశీ చూపించేశామే" అంది.

ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, "నువ్వేం వదిలావు పిన్నీ?" అన్నాను.

"కాకరకాయ."

"అదేంటి, నీకు ప్రాణం కదా?"

"అందుకేనే. ఆ అబద్ధంతో ముప్పై ఏళ్లు లాక్కొచ్చారు. మా ఇద్దర్లో ఒక్కరైనా నిజంగా వదిలేస్తే, ఆయన మాట నిలబడుతుంది కదా అని."

అప్పుడొచ్చింది ఏడుపు. నాలుగు నెలలది ఒక్కసారే వచ్చింది. చలికి కనురెప్పలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. పడిపోకుండా బస్టాపు స్తంభాన్ని రెండో చేత్తో చుట్టుకుని నిలబడ్డాను. బస్సు వచ్చింది. డ్రైవర్ తలుపు తెరిచి కాసేపు ఆగి, నేను కదలకపోయేసరికి వెళ్లిపోయాడు.

"ఏమే, లైన్లో ఉన్నావా?" అంటోంది పిన్ని.