బురద గడికి బలం అడిగిన సిరాజుద్దీన్ గారు

తంగెళ్లమూడిలో తివాచీలు నేసే సిరాజుద్దీన్ గారికి నలభై రెండో ఏట కంప్యూటర్ ఆట పట్టుకుంది. 2006 సంగతి. ఏలూరు పవర్‌పేటలో మా ఇంటి కిందే గంగాధరరావు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. తివాచీ డిజైనొకటి ప్రింటు తీయించుకోవడానికి వచ్చిన ఆయన, పక్క సీట్లో ఎవరో ఆడుతున్న ఆట చూసి అక్కడే నిలబడిపోయారు. మన వంతు ఒకసారి, ఎదుటివాడి వంతు ఒకసారి. ఏదో ఒక నాగరికతను ఎంచుకుని ఊళ్లు కట్టాలి, సైన్యాలు నడపాలి. ప్రపంచమంతా గళ్లు గళ్లుగా ఉంటుంది. తివాచీ డిజైను కూడా గళ్ల కాగితం మీదే గీస్తారు, గడికో ముడి లెక్కన. పదమూడో ఏట నుంచీ గళ్లు చూస్తున్న మనిషికి ఆ ఆట ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

మూడు నెలల ఆదివారాలు ఆడి, ఆట తయారుచేసిన వాళ్లకు పనితనం లేదని తేల్చేశారు. "అన్ని నాగరికతలూ ఒకటే డిజైనండి మాస్టారూ. రంగు మార్చారంతే" అన్నారు నాతో.

అంతకన్నా ఆయనను పొడిచింది బురద. ఆ ఆటలో చిత్తడి గడి మీద పంట పండదు, ఊరు లేవదు. పనికిరాని నేల అని కింద రాసి ఉంటుంది. ఆయన అమ్మగారి పుట్టిల్లు ఆకివీడు దగ్గర, కొల్లేటి అంచున. వానాకాలం గుమ్మం దాకా నీళ్లు, వేసవికి అదే చోట వరి కుప్పలు. నడక వచ్చిన వెంటనే దోనె నడపడం వచ్చే మనుషులు. అలాంటి నేలను పనికిరానిదంటే ఆయన సహించలేకపోయారు.

ఆ ఆట అభిమానులు కొందరు, ఏయే దేశాలవాళ్లో, దాన్ని మార్చి కొత్త రూపం తయారుచేస్తున్నారనీ, నెలాఖరులోగా వచ్చిన సలహాల్లో మంచివి తీసుకుంటారనీ గంగాధరరావు చూపించాడు. సిరాజుద్దీన్ గారు రెండు ఆలోచనలు చెప్పారు. చిత్తడి గడి కొన్ని వంతులు నీరుగా, కొన్ని వంతులు నేలగా మారాలి. అక్కడి పోరు కత్తుల లెక్కతో తేలకూడదు. బయటివాడి గుర్రం దిగబడాలి, అక్కడ పుట్టినవాడి కాలు దిగబడకూడదు. ఇక రెండోది, ప్రతి ఊరికీ చెరువుండాలి. చెరువున్న ఊరు ముట్టడిలో ఎక్కువ వంతులు నిలబడాలి. గట్టు తెగితే లొంగాలి.

ఇంగ్లీషులో రాసే పని నాది. ఇరవై ఏళ్లుగా ట్యూషన్లు చెబుతున్నవాణ్ణి, ఇదెంత అనుకున్నాను. చెరువుకు మనం బళ్లో నేర్చుకున్న మాట ట్యాంకు. అదే రాశాను. ప్రతి ఊరికీ మొదటి నుంచీ ఒక ట్యాంకు ఉండవలెను. ఆడవాళ్లు పొద్దున్నే బిందెలతో ట్యాంకుకు వెళ్లవలెను. పిల్లలు ట్యాంకులో ఈదవలెను. ఫుల్‌స్టాపులు రెండుసార్లు సరిచూసుకుని మరీ, కింద ఆయన పేరు పెట్టి పంపాను.

మర్నాటికి పదిహేడు జవాబులు. అన్నీ నవ్వులే. వాళ్ల ఇంగ్లీషులో ట్యాంకంటే యుద్ధంలో వాడే ఫిరంగి బండి. రాతియుగంలో ఫిరంగి బండ్లెక్కడివని ఒకడు. ఆడవాళ్లు బిందెల్లో పట్టేది డీజిలా అని ఇంకొకడు. ఫిరంగి బండిలో ఈదుతున్న పిల్లల బొమ్మ వేసి పెట్టాడు మూడోవాడు. బొమ్మ బాగుంది, అది వేరే సంగతి. చిత్తడి గడి మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.

సంజాయిషీ చెప్పుకుందామని వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య సఫియా గారు టీ గ్లాసు చేతికిచ్చి, "మాస్టారు గారండీ, మా పిల్లల్ని మీ ట్యూషన్‌కి పంపుతూనే ఉండమంటారా?" అని ఎంతో మర్యాదగా అడిగారు.

సిరాజుద్దీన్ గారు మగ్గం మీంచి తలెత్తలేదు. "గడువు ఇంకా ఐదు రోజులుందండి. ఈసారి మాటలొద్దు. నేను గీస్తాను. గీతకి స్పెల్లింగుండదు కదండీ."

నాలుగు సాయంత్రాలు గీశారు. నెలకొకటి చొప్పున పన్నెండు గళ్ల కాగితాలు. ఊరు ఒకటే, గళ్లు అవే. జూన్‌లో ఓ మూల చారెడు నీలం, అక్టోబరుకి ఊరి గుమ్మం దాకా నీలం. ఆ తర్వాత నెలకో వరస వెనక్కి పోతుంటే, దాని వెనకే ఆకుపచ్చ. ఎర్ర చుక్క ఊరి సైనికుడు, నల్ల చుక్క దండెత్తి వచ్చినవాడు. అక్టోబరు కాగితంలో దోనెలెక్కిన మూడు ఎర్ర చుక్కలు పది నల్ల చుక్కల్ని చుట్టేశాయి. మే నెలలో ఆ మూడూ ఓడిపోయాయి. గంగాధరరావు స్కాన్ చేస్తుంటే, కింద నాలుగు ముక్కలు రాయనా అని అడిగాను. వద్దండి అన్నారు, మర్యాదగానే, కానీ నా మాట పూర్తి కాకముందే.

గడువు రోజున పంపాం. వారం దాటినా ఉలుకూ పలుకూ లేదు. ఆయన మాత్రం రోజూ మగ్గం దిగగానే సైకిలెక్కి వచ్చి, చూసి, వెళ్లేవారు. తొమ్మిదో రోజున జవాబొచ్చింది. ఊరి నీళ్ల సంగతి, అంటే మా చెరువు, ఇప్పట్లో కుదరదు, చిత్తడి గడి మాత్రం తీసుకున్నాం, మార్చిన ఆట పరీక్షకు పంపుతున్నాం, ఆడి చెప్పండి అని.

ఆ ఆదివారం సఫియా గారు కూడా వచ్చి ఆయన వెనక నిలబడ్డారు. ఆయన పంతంగా తొలి ఊరు చిత్తడి అంచునే కట్టారు. నాలుగో వంతుకి వాన. ఐదో వంతుకి ఊరు, సైన్యం, ధాన్యం అన్నీ నీళ్లపాలు. "మా అత్తగారి ఊరివాళ్లు చూస్తే ఏమనుకుంటారండీ" అన్నారు సఫియా గారు.

నేను ఓదార్చబోయాను. ఆయన కుర్చీ ముందుకు లాక్కుని, కీబోర్డు నాకందకుండా మోచెయ్యి అడ్డం పెట్టి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ సొంత ఇంగ్లీషులో కొట్టారు. వాన మరీ తొందరగా వస్తోంది, ముందు కాలవలు నిండాలి, మనిషికి దోనె తీసుకునే వ్యవధి ఇవ్వండి అని. తప్పులు మూడు కనిపించాయి నాకు. వాటిని అలాగే ఉండనిచ్చాను. పంపేసి, ఆట మళ్లీ మొదటి నుంచి పెట్టి, ఊరు మళ్లీ ఆ అంచునే కట్టారు.