మా తోడల్లుడి బోర్డో

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పోయిన వారం మా తోడల్లుడు పోయాడని ఫోనొచ్చినప్పుడు నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, ఇక వైన్ పాఠాలు వినక్కర్లేదన్న నిశ్చింత. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. అలా అనేవాళ్లెవరూ ఆయనింట్లో భోంచేసి ఉండరు.

వైటూకే రోజుల్లో కంప్యూటర్ ఉద్యోగానికని నేను సింగపూర్‌లో దిగితే, చోవా చూ కాంగ్‌లోని తన ఫ్లాట్‌లో నెలల తరబడి ఉంచుకున్నాడు. అది నేను మర్చిపోలేదు. ఆయన మర్చిపోనివ్వలేదు కూడా.

ఆ ఫ్లాట్లలో యుద్ధమొస్తే తలదాచుకోడానికని సర్కారు ఒక కాంక్రీటు గది కట్టిస్తుంది. లోకమంతా అందులో బియ్యం బస్తాలూ పాత సూట్‌కేసులూ పడేసుకుంటుంది. ఈయన బోర్డో వైన్ సీసాలు పడుకోబెట్టాడు. వాసన పట్టేస్తుందని వాళ్లావిడ, అంటే మా వదిన, పెట్టిన ఆవకాయ జాడీల్ని బయటికి తోలేశాడు. బిరడా బిగించిన సీసాలోకి ఆవకాయ ఎలా దూరుతుందో నాకు ఇప్పటికీ తెలీదు.

బోర్డో అంటే ఫ్రాన్సులో పడమటి సముద్రం దగ్గరి సీమ. రెండు నదులు కలిసి వెళ్లి సముద్రంలో పడతాయి. ఎడమ గట్టున గులకరాళ్ల నేల. అక్కడి వైన్ వగరు, నేరేడుపళ్లు తిన్నట్టు నాలుక పట్టేస్తుంది. కుడి గట్టున బంకమన్ను, అక్కడిది కాస్త మెత్తన. ఆ గులకరాళ్లు పగటి ఎండ దాచుకుని రాత్రి తీగలకిస్తాయని చెబుతూ గ్లాసు తిప్పేవాడు. మా గోదావరి లంకల్లో ఇసుకా అలాగే కాలుతుంది. పుచ్చకాయలు కాస్తాయి. ముక్కని తిప్పి వాసన చూసినవాణ్ణి నేనెరగను. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

"తమ్ముడూ, వగరుకి కొవ్వు జోడీ. కాల్చిన గొర్రె మాంసం, ముదిరిన చీజ్. కారం తగిలితే వైన్ మండుతుంది, పులుపు తగిలితే చస్తుంది" అనేవాడు.

ఈ మాట ఎవరికి తగిలేదో వేరే చెప్పాలా? వదిన గోంగూర మాంసం వండితే వీధంతా అన్నం పెట్టుకు కూర్చోవాలి. అలాంటి మనిషి, ఆఫీసువాళ్లు వచ్చినప్పుడల్లా ఉప్పూ మిరియాలూ చల్లిన గొర్రె కాలు, చప్పటి బంగాళాదుంప ముద్ద చేసేది. "నాకసలు వంట రాదేమో మరిదిగారూ" అంది ఒకసారి. నవ్వుతూ అనలేదు.

ఒక ఆదివారం అతిథులెవరూ లేరు. వదిన నాకోసం గోంగూర మాంసం వండింది. ఈయన కుడి గట్టు సీసా తీశాడు. నేను దాన్ని ఫ్రిజ్‌లో పెట్టాను.

"బీరనుకున్నావా? గది వేడిలో తాగాలి."

"గది ఫ్రాన్సుదై ఉంటుందన్నయ్యగారూ. మన గదిలో పెడితే కషాయమే."

చల్లబడ్డాక తీశాం. ఒక ముద్ద, ఒక గుక్క. ఈయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఎముక మూలుగ కూడా వదల్లేదు.

"మరి చస్తుందన్నారే?" అన్నాను.

"నాకు తెలుసులే తమ్ముడూ. మనం మనం తినొచ్చు. ఆఫీసువాళ్ల ముందు ఈ పులుపు వాసనేంటి, చేత్తో పిసుక్కోడమేంటి?"

పొయ్యి దగ్గర నిలబడ్డ వదిన ఇటు తిరిగింది. "అయితే ఇన్నేళ్లూ నా కూర బాగానే ఉందన్నమాట."

"బాగుందిలేవే. గట్టిగా అరవకు, కిటికీ తీసుంది."

తర్వాతి విందుకి మళ్లీ బంగాళాదుంప ముద్దే. ఆ ఇంటికి వెళ్లడం తగ్గించాను. పైన చెప్పిన బోర్డో ముక్కలన్నీ ఆయన దగ్గర నేర్చినవే, కాదనను. నేర్పేటప్పుడు ఓపిగ్గానే నేర్పాడు. అయినా క్షమించబుద్ధి కావట్లేదు.

చిన్నదినం నాడు పోయినవాళ్లకి ఇష్టమైనవి వండి ఫోటో ముందు ఆకులో పెట్టడం మా వైపు ఆనవాయితీ. మొన్న ఆయన చిన్నదినానికి వెళ్లాను. పొద్దున్నే వాళ్ల కొడుకు వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మా, బఫే ఆర్డర్ చేద్దాం లా. డాడీ ఆఫీస్ వాళ్లొస్తున్నారు, కారం తినలేరు" అన్నాడు, అక్కడివాళ్లలాగే మాట చివర "లా" తగిలించి.

"మంచినీళ్లు పెడదాం" అంది వదిన, గోంగూర ఒలుస్తూ.

ఫోటో ముందు ఆకులో గోంగూర మాంసం పెట్టాక ఆఫీసువాళ్లు వచ్చారు. ముక్కులు తుడుచుకుంటూ తిన్నారు. కొందరు వదిలేశారు. వదిన అందరికీ వడ్డించి, చివర్న కంచం పెట్టుకుని వాళ్ల మధ్యనే కూర్చుంది. చేత్తో కూర కలుపుకుంటూ, ఉల్లిపాయ ఉందా అని నన్నడిగింది. కోసి ఇచ్చాను.