తల్లి ఒకసారి వచ్చిన మనిషి

డెబ్బైల చివర, నాకు పదకొండేళ్లప్పుడు, జనగామ హాస్టల్ నుంచి ఒళ్లంతా పొక్కులతో ఇంటికి వచ్చాను. బస్సులో ఎవరూ చూడకుండా తువ్వాలు కప్పుకుని కూర్చున్నాను. రేగొండ దగ్గర మా ఊళ్లో బాపు మాటకు ఎదురు లేదు. పొలాలున్నాయి, రాజకీయమూ ఉంది. అమ్మ నిండు నెలలతో ఉండడంతో నన్ను చూడగానే ఆమెను పుట్టింటికి పంపేశారు. ఇక మిగిలింది నాయినమ్మ, భర్త పోయి మా ఇంట్లోనే ఉంటున్న మేనత్త.

మేనత్త నా గది గడప దాటి లోపలికి రాలేదు. నాయినమ్మ మా పొలంలో కూలి చేసే ఒకామెను పిలిపించింది. ఆమె ముఖం నిండా చిన్నప్పటి మశూచి గుంటలు.

“దీనికి తల్లి ఒకపారి అచ్చిపోయింది. మల్ల రాదు,” అంది నాయినమ్మ.

ఊరంతా నమ్మే మాటే అది. మశూచి అయినా, నాకు పోసిన ఈ నీటి పొక్కులైనా ఊరికి ఒకటే తల్లి, అమ్మవారు. రెండూ వేరువేరు జబ్బులని, ఒకటి వస్తే రెండోది రాకుండా పోదని నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు. మశూచికి టీకాలు వేసేవాళ్లు మా ఊరికి వచ్చారు గాని, దీనికి టీకా అన్న మాటే అప్పుడు వినలేదు.

కాదనే వీలు ఆ కూలామెకు లేదు. ఊళ్లో కొత్తగా చిన్నపిల్లలకు బాలవాడి పెడుతున్నారు. ఆయా ఉద్యోగం ఆమెకే ఇప్పిస్తానని బాపు మాటిచ్చాడు. మొగుడు లేని మనిషి. బురదలో నడుము వంచే బతుకు పోయి, నెలనెలా సర్కారు జీతం చేతికొస్తుందని ఆశపడింది.

తొమ్మిది రోజులు నా మంచం పక్కన నేల మీదే పడుకుంది. దురద పెడితే వేపమండతో నిమిరేది. నోట్లో పొక్కులై మింగలేకపోతే జొన్న గట్కలో సల్ల కలిపి, పల్చగా చేసి కొంచెం కొంచెం తాగించేది. ఒకరోజు విసుగెత్తి ఆమె చెయ్యి కొరికాను. “కొరుకు బిడ్డా, నీ కోపమన్న పోతది,” అని నవ్వింది. అంత మొండి పిల్లను నేను.

జబ్బు తగ్గి నాకు నీళ్లు పోసిన వారానికి ఆమె పడిపోయింది. పెద్దవాళ్లకు వస్తే ఈ జబ్బు మరీ దారుణం. జ్వరం, దగ్గు, గొంతు లోపలి దాకా పొక్కులు. గుడిసె ముందు వేపకొమ్మ కట్టారు. చెంబెడు సల్ల పంపమని కబురు పెడితే, తల్లి ఉన్న ఇంటికి పాడి పోతే బర్రె ఎండిపోతుందని నాయినమ్మ పంపలేదు. అదే తల్లి మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ బర్రె బాగానే పాలిచ్చింది.

ఆ రోజుల్లోనే పంచాయతీ సమితి ఆఫీసు నుంచి ఆయా పేరు రాసుకోవడానికి మనిషి వచ్చాడు. పదిహేను రోజులు ఆగమంటే ఆగేవాడే. బాపు అడగలేదు. ఆయా కాగితం మీద మేనత్త చేత సంతకం పెట్టించాడు.

మూడు వారాలకు ఆమె కర్ర పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది.

“పటేలా, నా కొలువు?”

“నువ్వు మంచంల పంటే సర్కారు ఆగుతదా?” అన్నాడు బాపు.

“నీ బిడ్డకు చేసినందుకే గద పటేలా నాకచ్చింది.”

నాయినమ్మ గయ్యిన లేచింది. “ఏందే, మా పిల్ల మీద పెడుతున్నవా? తల్లి నీ గుడిసెల కెల్లే మా ఇంటికచ్చింది.”

ఆమె నావైపు తిరిగింది. “నువ్వన్న చెప్పు బిడ్డా. జనగాం కెల్లి అచ్చినప్పుడే నీకు పొక్కులున్నయి గద?”

అందరూ నన్నే చూశారు. భయపడ్డానని రాసుకుంటే ఇప్పుడు నాకు సుఖంగా ఉంటుంది. భయం కాదు. నలుగురిలో నన్ను ఇరికించిందని ఆమె మీద కోపం వచ్చింది.

“ఇంటికచ్చినంకనే లేసినయి,” అన్నాను.

ఆమె కర్ర సరిచేసుకుంది. “గట్లనే బిడ్డా,” అని వెళ్లిపోయింది.

బాలవాడి తెరిచారు. మేనత్త నెలకోసారి వెళ్లి సంతకం పెట్టి జీతం తెచ్చుకునేది. ఊడ్వడం, నీళ్లు మోయడం, పిల్లల ముక్కులు తుడవడం మాత్రం నా మంచం పక్కన పడుకున్న ఆమే చేసేది. దగ్గు తగ్గక పొలం పనికి పనికిరాకుండా పోయింది మరి. వారానికి రెండు మానెలు కొలిచి ఇచ్చే నూకలే ఆమె కూలి. మేనత్త ఆ జీతంలోంచే నా హాస్టల్ ఫీజు కట్టింది, పదో తరగతి దాకా. ఆ డబ్బు ఎవరిదో తెలిసి కూడా నేను ఒక్క నెలైనా వద్దనలేదు.