అక్కుపల్లి కంప్యూటరూ, రెండు రకాల ర్యామూ

2023 జూన్ నెల. పలాసలో స్టేషన్‌కి వెళ్లే దారిలో నా కంప్యూటర్ రిపేరు షాపు. ఆ షాపు కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టి అప్పటికే పద్దెనిమిదేళ్లయింది. మెడ నొప్పి పట్టుకుంది, ఓపిక సన్నగిల్లింది. బడ్జెట్ ర్యామా, హై పెర్ఫార్మెన్స్ ర్యామా అని ఎవరు అడిగినా చెప్పడానికి అరిగిపోయిన జవాబు ఒకటి నోట్లో సిద్ధంగా ఉండేది. ఆ జవాబు ఇప్పటికీ తప్పు కాదు. ఆ వేసవిలో మాత్రం అది ఒక మనిషికి అక్కరకు రాలేదు.

ర్యామ్ అంటే కంప్యూటర్ పని చేస్తున్నంతసేపూ సామానంతా ముందు పరుచుకునే జాగా. కత్తిపీట చుట్టూ ఉండే చోటు లాంటిదనుకోండి. చోటు ఇరుకైతే ఎంత చెయ్యి తిరిగిన మనిషికైనా వంట సాగదు. బడ్జెట్ రకం మామూలు వేగంతో నడుస్తుంది. ఖరీదైన రకానికి వేగం ఎక్కువ, వేడిని లాగేసే రేకు తొడుగు ఉంటుంది, కొన్నింటికి రంగు దీపాలు కూడా ఉంటాయి. చాలామందికి కావలసింది జాగాయే గానీ వేగం కాదు. అందుకని అదే ఖర్చుకి ఎక్కువ జీబీలు వచ్చే మామూలు రకమే కొనమనేవాణ్ణి.

నూకరత్నం సముద్రం ఒడ్డునున్న అక్కుపల్లి నుంచి బస్సులో సీపీయూని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని వచ్చింది. టెక్కలిలో డిగ్రీ చదివి, విశాఖలో వీడియో ఎడిటింగ్ నేర్చుకుని, మత్స్యకారుల ఇంటి కోడలైంది. విశాఖలోని ఒక స్టూడియో ఆమెకు పెళ్లి వీడియోలు పంపడం మొదలుపెట్టింది. నెల రోజులు చూసి, నచ్చితే ఎప్పుడూ పని ఇస్తామన్నారు. ముక్కలన్నీ కలిపి ఒకే సినిమాగా తయారుచేసే రెండరింగ్ దగ్గరకొచ్చేసరికి ఆమె కంప్యూటర్ చతికిలబడుతోంది.

"నీకు మామూలు ర్యామ్ చాలమ్మా. ఎనిమిది జీబీ ఉంది, ముప్ఫై రెండు చేద్దాం" అన్నాను.

"తరవాత ఇబ్బంది రాదు కదన్నా? ఈ పని నిలబడితే మా ఆయన ఈయేడు ఈరావల్ ఎల్నంటన్నాడు. ఆసాడం అయ్యీలోగా తండేలుకి ఏదో మాట సెప్పీయాల."

మా తీరం మగవాళ్లలో చాలామంది గుజరాత్‌లోని వీరావల్ బోట్ల మీద పనికి వెళ్తారు. ఎనిమిది నెలల దాకా ఇంటి మొహం చూడరు. మనుషుల్ని కుదుర్చుకుని తీసుకెళ్లేవాడు తండేలు. పెళ్లయిన నాలుగేళ్లలో నూకరత్నం భర్త తాతారావు ఒక్క దీపావళికి కూడా ఇంట్లో లేడట.

పదహారేసి జీబీల మామూలు ర్యామ్ స్టిక్కులు రెండు వేసి పంపాను. వారం తిరగకుండా మళ్లీ వచ్చింది. తెర నీలంగా మారి ఆగిపోతోందంది. ర్యామ్ బయటికి లాగితే, స్లాట్‌లో కూర్చునే బంగారు రంగు పిన్నుల మీద నల్లగా జిడ్డు. వంటింటి పొగ అనుకున్నాను. మా వృత్తిలో అందరం చేసేదే చేశాను, పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. రోజంతా మెమరీ టెస్ట్ నడిపితే ఒక్క తప్పూ చూపించలేదు. నిశ్చింతగా పంపేశాను.

ఎనిమిది రోజులకి మూడోసారి వచ్చింది. ఒక పెళ్లి వీడియో గడువుకి అందలేదట. స్టూడియోవాళ్లు గట్టిగా మాట్లాడారట.

"సవక రకం ఏసీసినట్టున్నావన్నా" అంది నెమ్మదిగా.

నాకు ఒళ్లు మండింది. పద్దెనిమిదేళ్లుగా చేస్తున్న పనికి ఇదా మాట అనిపించింది. వెనకాల మరో నలుగురు నిలబడి ఉన్నారు. పిన్నుల మీద మళ్లీ అదే జిడ్డు. చూశాను, తుడిచాను, ఎందుకు వస్తోందని మాత్రం అడగలేదు. ఖరీదైనది వేసేస్తే నన్ను ఎవరూ ఏమీ అనరు కదా అనుకున్నాను. ఆమెకు దాని అవసరం లేదని తెలిసే హై పెర్ఫార్మెన్స్ జత వేశాను. వాళ్ల అత్త ఎండుచేపలు అమ్మి దాచుకున్న డబ్బు పెట్టి కొంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

పది రోజుల తర్వాత ఫోను వచ్చింది. "అన్నా, మళ్లీ ఆగిపోనాది. ఆసాడం ఇంక నాలుగు రోజులే ఉంది." గొంతులో కోపం కూడా లేదు. షాపుకి తాళం వేసి బండి తీశాను.

జీడితోటలు దాటి అక్కుపల్లి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. కంప్యూటర్ ఉన్న గది కిటికీ సముద్రం వైపే తెరిచి ఉంది. సీపీయూ పక్కమూత ఊడదీసి ఉంది. దాని పక్కనే గ్రీజు డబ్బా పెట్టుకుని నూకరత్నం మామగారు దానయ్య కూర్చున్నాడు. నలభై ఏళ్లు సముద్రం మీద తిరిగిన మనిషి.

"ఇదేటి పెద్దాయనా?" అన్నాను.

"ఉప్పుగాలి బావూ. ఇనుమన్నది ఆగుద్దేటి ఇక్కడ? బోటు ఇంజినుకి రాసినట్టే రాత్తన్నాను. నాను రాసినపుడల్లా మీ షాపులో తుడిసీసి పంపుతన్నారు. మళ్లీ రాత్తన్నాను."

నా మీద ఆయనకి విసుగుగానే ఉంది. పనికి శ్రద్ధ లేని మేస్త్రీని చూసినట్టు చూశాడు.

"నాకు సెప్పనేదేటి మావా?" అంది నూకరత్నం.

"సెప్పడానికేటుంది? బోటుకి రాసినపుడు ఎవులికి సెప్పినాను?"

నవ్వబోయాను, నవ్వు రాలేదు. ర్యామ్ పిన్నులకి గ్రీజు పూస్తే దానికి ఇసుక అంటుకుంటుంది, కరెంటు సరిగ్గా అందదు. అది ఆయనకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. తెలిసినవాణ్ణి నేను. రెండుసార్లు ఆ జిడ్డు నా వేలికి అంటింది. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మొదటిసారే తేలిపోయేది.

స్పిరిట్‌తో స్లాట్లన్నీ కడిగి, బ్రష్ పెట్టి ఇసుక తీసి, షాపు నుంచి వెంట తెచ్చిన మొదటి చవక ర్యామ్‌నే మళ్లీ పెట్టాను. ఖరీదైన జత వెనక్కి తీసుకుని డబ్బు అత్తగారి చేతిలో పెట్టాను. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. ఆగిపోయిన పెళ్లి వీడియో మొత్తం ఆటంకం లేకుండా తయారైంది. పంపుదామని నూకరత్నం ఫోను తీసింది. ఆ పని వేరేవాళ్లకి ఇచ్చేశామని స్టూడియో నుంచి పొద్దున్నే వచ్చిన మెసేజ్ ఉంది. చదివి ఫోను బోర్లా పెట్టేసింది. దానయ్య గ్రీజు డబ్బా మూత బిగించి బయటికి వెళ్లాడు.

జూలై ఆఖర్లో తాతారావు భుజాన బ్యాగుతో నా షాపు దగ్గర ఆగాడు. ఎక్కడికని అడగలేదు, వీరావల్ వెళ్లేవాళ్ల రైలు వేళ నాకూ తెలుసు.

"బాగానే తిరుగుతందన్నా. ఆ రోజు కాడ్నించి ఒక్కసారి కూడా ఆగనేదు" అన్నాడు. నాకు సంతోషం కలిగించాలనే చెప్పాడు పాపం. తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాణ్ణి.

ఇప్పుడు ర్యామ్ కోసం ఎవరొచ్చినా బడ్జెట్ సంగతి తర్వాత మాట్లాడతాను. కంప్యూటర్ ఎక్కడ పెట్టారు, కిటికీ ఎటువైపు ఉంది, ఇంట్లో దాని మీద చెయ్యి వేసేదెవరు, ఇవి ముందు అడుగుతాను. చేతికి ఏదైనా అంటితే తుడిచే ముందే అడుగుతాను. "ర్యామ్ కోసం వత్తే ఇల్లంతా అడుగుతన్నావేటన్నా" అని నవ్వుతారు. నవ్వనీ అనుకుంటాను.

నూకరత్నం ఆ కంప్యూటర్ మీదే ఊళ్లోవాళ్ల ఫోటోలు, చిన్న చిన్న ఫంక్షన్ల వీడియోలు చేస్తోంది. చవక ర్యామ్ ఇప్పటికీ నడుస్తోంది. తాతారావు కూడా ఏటేటా బ్యాగు భుజాన వేసుకుని నా షాపు ముందు నుంచే స్టేషన్‌కి నడుస్తున్నాడు.