నా బోలు గుండ్ల సంసారం

ఆ రోజుల్లో (మరీ పురాతన కాలమేం కాదు, ఏడెనిమిదేళ్ల కిందట) సూరత్ మొత్తంలో నాకంటే దిగులుగా తిరిగే మనిషి ఇంకొకరు లేరని నా గట్టి నమ్మకం. పీహెచ్‌డీ పేరుతో నేను చేసేది కంటికి కనపడనంత చిన్న బోలు గుండ్లు. గాజు రేణువు మీద ప్లాస్టిక్ పొర పూయడం, లోపలి గాజును కరిగించేయడం, మిగిలిన ఖాళీలో స్కానింగుకు కనబడే మందు నింపడం. చెప్పడానికి మూడు ముక్కలే. నగర శివారు ఉన్ బస్తీలోని మా ఇంట్లో మాత్రం ఎవరికీ ఎక్కేది కాదు. మగ్గాల కార్ఖానా నుంచి వచ్చి చాయ్ తాగుతూ బాపు రోజూ అడిగేవాడు.

"ఏమాయెనే బిడ్డా, తయారైందా?"

"లోపల ఖాళీ కావాలె బాపూ. ఇంక కాలే."

"ఏం లేకుంట జేసుడుకు గిన్నేండ్లు గావాల్నా? జర నిమ్మలంగ జెప్పు, నాకు సమజ్ అయితలేదు."

నాకే సమజ్ కానిది ఆయనకేం చెప్పను?

రెండేళ్లు ఇలాగే గడిచాక కమిటీ వస్తోందన్నారు. అప్పటిదాకా చేసిన గుండ్లన్నీ నీళ్లలో కలిసి ఒకే ఒక్క సీసాలో ఉండేవి. మర్నాడు పొద్దున వాటిలో మందు నింపి స్కానింగు యంత్రం కింద చూపాలి, లేకపోతే ఫెలోషిప్ ఆగిపోతుంది. ఆ మధ్యాహ్నం సీసాలోంచి రెండు చుక్కలు తీసి మైక్రోస్కోపుకు సిద్ధం చేశాను. అక్కడే నా పుట్టుక బయటపడింది. గంజి పట్టించిన నూలు చుక్క తడి లేకుండా ఎండితే తప్ప మగ్గమెక్కించని వంశం మాది. ఆ అలవాటుకొద్దీ వాటిని ఓవెన్‌లో పెట్టి కరకరలాడేలా ఎండబెట్టాను. తెరమీద చూస్తే ఒక్క గుండూ లేదు. అన్నీ కాలికింద పడ్డ పానీపూరీల్లా నలిగి ఉన్నాయి. ఏడుపొచ్చింది, ఏడ్చాను. కోపంతో సీసా మొత్తం సింకులో ఒంపి, కుళాయి తిప్పి, సీసాను శుభ్రంగా కడిగి బోర్లించాను (చేసేది తప్పైనా నీటుగా చేయాలని మా అమ్మ పెంపకం).

పది నిమిషాలకు మా సార్ వచ్చి తెర చూశారు. ఎన్నడూ నవ్వని ఆ గుజరాతీ పెద్దమనిషి గంతేసినంత పని చేశారు.

"అరే బేటా, పిచక్ గయా, మతలబ్ అందర్ ఖాలీ హై!"

లోపల ఖాళీ ఉంటేనే నలుగుతాయట. గట్టి గుండైతే అలాగే ఉండేదట. ఎండబెట్టనివి సీసాలో నిక్షేపంగా ఉండే ఉంటాయట.

"శీశీ కహాఁ హై?" అన్నారు. నేను బోర్లించిన సీసా వైపు చూశాను.

కమిటీ మర్యాదగా వచ్చి మర్యాదగా వెళ్లిపోయింది, ఫెలోషిప్ కూడా వాళ్ల వెనకే. ఇప్పుడు సూరత్ పక్కనే ఇచ్ఛాపూర్‌లో ఒక రంగుల ఫ్యాక్టరీలో పెయింటు చిక్కదనం కొలుస్తుంటాను. సీసా ఒంపేసిన రోజు సాయంత్రం సంగతి చెబితే బాపు చాయ్ ఆఖరి చుక్క దాకా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"అయితె జేసినవన్నట్టే గద బిడ్డా," అన్నాడు చివరికి.

రెండేళ్లలో నా పని అర్థం చేసుకున్న ఇంటి మనిషి ఆయనొక్కడే. ఆ మాటకు ఇంకా ఏడ్చాను. ఆ సింకు ముందు నిలబడ్డ పిల్ల గుర్తొస్తే నాకిప్పటికీ ముందు కోపం, తర్వాత నవ్వు వస్తాయి. ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టి ఉంటే డాక్టరమ్మ అయ్యేది, పిచ్చిది.