మోచేతి పైన పసుపుదారం

మా పెద్దక్క పోయింది. ఆ సంగతి నాకు మనిషెవరూ చెప్పలేదు. పాలమూరు జిల్లాలో నేను పని నేర్చుకున్న దవాఖాన గేటు పక్కన నల్లబోర్డు మీద చదివాను. "మన ఆసుపత్రి మాజీ ఆయా మృతికి సంతాపం" అని సుద్దముక్కతో రాసి పెట్టారు.

ఆయా! ఆ మాట చదివి ఒళ్లు మండింది. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది కోపమే. ఆయాలంటే నాకు చిన్నచూపేమీ లేదు. వాళ్లు లేకపోతే ఏ దవాఖానా ఒక్కపూట నడవదు. కానీ మాకు, మా తర్వాత వచ్చినవాళ్లకు కాన్పు చేయడం నేర్పిన గురువు ఆమె. గురువును గురువనడానికి ఆ బోర్డు మీద జాగా కరువైందా? లోపలికి పోయి గుమాస్తాను అడిగాను. "రికార్డుల ఆయా అనే ఉన్నదమ్మా, మేమేం జేస్తం? ఇంక పాడె లేవలేదంట, పోతె జల్ది పో," అన్నాడు. రికార్డులో ఆ మాట ఎట్లా వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది నల్లగొండ జిల్లాలో మగ్గాల ఊరు. రజాకార్ల రోజుల్లో మా ఇంటాయన కమ్యూనిస్టుల సంగంలో కలిసి దళంతో అడవిలోకి వెళ్లాడు. పోలీసు చర్య అయ్యాక రజాకార్లు పోయారు కానీ దళాల కోసం వేట ఆగలేదు. మనిషి దొరక్కపోతే ఇళ్ల మీద పడేవారు. పెండ్లాన్ని పట్టుకుపోతే మొగుడు తనంతట తానే వస్తాడని వాళ్ల లెక్క. అందుకని మా బాపు నన్ను ఇటు పాలమూరు వైపు పంపేశాడు. ఇక్కడి దవాఖానలో కాన్పుల పని నేర్పుతారని, ఉండడానికి చోటిస్తారని ఎవరో చెప్పారట.

నేర్పేది మేమందరం పెద్దక్క అని పిలిచే ఆమె. చిన్న వయసులోనే మొగుడు పోతే, పుట్టింట్లో మూలన కూర్చోకుండా హైదరాబాదు పోయి నర్సు పని నేర్చుకుని వచ్చిన మనిషి. శిక్షణకు బొమ్మలు పంపుతామని పైవాళ్లు ఎప్పుడూ అనేవారు, ఎప్పుడూ పంపలేదు. ఆమె అడుగు పోయిన కుండ ఒకటి తెచ్చి, పాత చీరలతో బిడ్డను కుట్టింది. ఆ గుడ్డబిడ్డను కుండలో తన ఇష్టం వచ్చినట్టు పెట్టి, మా కళ్లకు గంతలు కట్టి, తల ముందుందో కాళ్లు ముందున్నాయో చేత్తో చూసి చెప్పమనేది. తొందరపడి లాగామా, చేతి మీద ఒక్కటి పడేది.

"గదేమన్న సొరకాయనా గుంజనీకి? ఆగు. ఆగుడు గూడ పనే," అనేది.

శనివారం సాయంత్రం అందరం వరండాలో కూర్చోవాలి. ఆ వారం బాగా చేసింది చెప్పుకోవడానికి వీల్లేదు. ఎక్కడ చెయ్యి తడబడిందో, ఏం గుర్తుపట్టలేకపోయామో అదే చెప్పాలి. చెప్పినవాళ్లను చూసి ఎవరూ నవ్వకూడదు. పని నేర్చుకుని ఊళ్ల దవాఖానలకు వెళ్లిన అక్కలు కూడా దాని కోసం బస్సెక్కి వచ్చేవారు. "మంచిగ చేసింది తల్లి చెప్తది. చెడింది నువ్వు చెప్పకుంటె ఎవలు చెప్తరు?" అనేది పెద్దక్క. తర్వాత నేను ఎన్నో శిక్షణలకు పోయాను, కుర్చీలూ చాయ్‌లూ ఉన్నవాటికి. ఆ వరండా మీద నేర్చుకున్నంత ఎక్కడా నేర్చుకోలేదు.

నాకూ ఆమెకూ పేచీ వచ్చింది గాజుల దగ్గర. కాన్పు గదిలోకి వెళ్లేముందు మోచేతుల దాకా రుద్ది కడగాలి, చేతికి గాజులుండకూడదు. మా వైపు ముత్తైదువ చేతులు ఒక్క క్షణం కూడా బోసిగా ఉండకూడదు. గాజులు మార్చుకునేటప్పుడు కూడా చేతికి ఒక్కటైనా ఉంచుకుంటాం. ఇక మొగుడు అడవిలో ఉన్నదాన్ని, తెల్లారి లేస్తే కాల్పుల కబుర్లు వినేదాన్ని, నేనెట్లా తీస్తాను?

"పని రాకుంటె మాయె, నేను తియ్య," అని ఏడ్చాను.

పెద్దక్క కోప్పడలేదు. తన బోసి చేతులు నా ముందుకు చాపింది. "నేను తీస్తె పోలేదు బిడ్డా నా మొగడు. పోయినంక తీసిండ్రు. గాజులు ఎవలనూ ఆపవు. కని నీ భయం నీకున్నది, దాన్ని నేను కాదన."

మగ్గం నూలు నాలుగు పోగులు పేని దారం చేసింది. పసుపులో ముంచడం మాత్రం తాను చేయలేదు. మొగుడు లేని మనిషి పసుపు ముట్టకూడదు కదా! నాతో నేర్చుకునే ఇంకొక ముత్తైదువ చేత పసుపు పట్టించి, నా మోచేతి పైన, రవిక చేయి కింద ఆమె చేతనే కట్టించింది. అప్పుడు గాజులు తీయమంది.

"మోచేతి కింద దవాఖాన. మోచేతి మీద నీ ఇల్లు. ఇంక నడువు," అంది.

ఆ రోజు నుంచి పెళ్లయినవాళ్లందరం అదే పద్ధతి పట్టాం. గాజులు ఆమె పెట్టెలో, దారం మా చేతికి.

ఒకరోజు పొద్దున ఒక తల్లికి నొప్పులు ముదిరిన వేళకు ఒక మిలట్రీ ఆఫీసరు, వెంట ఒక జవాను కాన్పు గదిలోకే వచ్చేశారు. ఆఫీసరు ఏ దేశపువాడో, తెలుగు రాదు. జవాను మాత్రం మా వైపువాడే. మేం నలుగురం తెల్లచీరల్లో, కనుబొమల దాకా తలగుడ్డలతో, బోసి చేతులతో నిలబడి ఉన్నాం. బొట్టు గుడ్డ కింద, పుస్తెలు రవిక లోపల, మట్టెలు చీర కుచ్చిళ్ల కింద, దారం రవిక చేయి కింద.

"నల్లగొండ దిక్కు పిల్లంట, పెండ్లయిందంట, మొగడు సంగంల ఉన్నడంట. ఏదమ్మా?" అని జవాను అడిగాడు.

పెద్దక్క ఆ తల్లి కడుపు మీది నుంచి చెయ్యి తీయలేదు. "కండ్లున్నయి గద. చూస్కో."

అతను మా చేతుల వంక వరుసగా చూశాడు. ముఖం చిట్లించాడు. "సబ్ బేవా హై సాబ్," అన్నాడు, అందరూ వితంతువులేనని. "పొద్దుగాల్నే ముండమోపుల మొకాలు చూస్తిమి," అని మాకు వినబడేట్టు గొణిగాడు కూడా.

"చూసుడైతె బయటికి నడువుండ్రి! చెప్పులతోని కాన్పు గదిలకు అస్తరా?" అని పెద్దక్క కసిరింది. తర్వాత నా వైపు తిరక్కుండానే, "చేతులు వణకనియ్యకు. బిడ్డకు తెలుస్తది," అంది.

వాళ్లు వెళ్లిపోయారు. మా ఆచారం తెలియని ఆ ఆఫీసరు ఒక్కడే వచ్చి ఉంటే ఎవరిచేతనైనా పేర్లూ ఊర్లూ అడిగించేవాడు, నేను దొరికిపోయేదాన్ని. మా ఆచారం తెలిసినవాడు కాబట్టే జవాను మోసపోయాడు. పెద్దక్క ఒక్క అబద్ధం ఆడలేదు.

కానీ సంగతి దాగలేదు. దవాఖానలోనే ఎవరో చేరవేశారు. విచారణ పెట్టారు. అప్పటికే ఆమె నన్ను దూరపు ఊరి దవాఖానకు పంపేసింది. నేనొచ్చి చెప్తానని కబురు పెడితే తిట్టి పంపింది. "నా క్లాసు. జవాబు నాది. నువ్వు కాన్పులు చేస్కో." చివరికి ఏం చేశారు? ఉద్యోగం తీసేసినా వేరే ఊళ్లో నర్సుగా బతికేది. అట్లా పోనివ్వలేదు. నేర్పే పని లాక్కుని అదే కాన్పు గదికి ఆయాగా వేశారు, అందరూ చూడాలని. గుమాస్తా గారూ, మీ రికార్డులో ఆ మాట అట్లా వచ్చింది.

మా ఇంటాయన జైలుకు పోయినా ప్రాణాలతో తిరిగి వచ్చాడు. తర్వాత సభల్లో ఆయనకు శాలువాలు కప్పారు. కప్పాల్సిందే, నేను కాదనను. కానీ పెద్దక్క గురించి అర్జీ పట్టుకుని తిరిగితే, "ఇప్పుడు పాత సంగతులెందుకమ్మా?" అన్నారు. తుపాకీ పట్టిన మగవాళ్లవైతే చరిత్ర, మా పెద్దక్కవైతే పాత సంగతులు! ప్రభుత్వాలు మారాయి, ఆఫీసర్లు మారారు. ఆ ఒక్క మాట దిద్దడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

ఆమె మాత్రం నేర్పడం మానలేదు. గదిలో కొత్త టీచరమ్మ పాఠం చెప్పేది. శనివారం వరండా మటుకు పెద్దక్కదే. చీపురు గోడకు ఆనించి వచ్చి కూర్చునేది.

నేను ఆమె ఇంటికి చేరేసరికి వాకిట్లో మావాళ్లే నిండి ఉన్నారు. కొందరు డ్యూటీ మధ్యలో తెల్లచీరలతోనే వచ్చారు. పాడె మీద ఆమెకు కూడా తెల్లచీరే. నేను పక్కింట్లో పసుపు అడిగి, నూలు దారం తడిపి, ఆమె చేయి ఎత్తాను. చుట్టాల్లో పెద్దమనిషి ఒకాయన అడ్డం వచ్చాడు.

"ఏందమ్మా గిది? మొగడు లేని మనిషికి పసుపు కడ్తవా? నలుగురు నవ్వరా?"

"నవ్వనీ. గిది మొగని పేరున గాదయ్యా. మోచేతి మీద ఇల్లుంటదని చెప్పింది ఆమెనే. ఆమె ఇల్లంటె మేమే," అన్నాను.

కట్టాను. నా వెనుక ఇంకొకామె కట్టింది, ఆమె వెనుక ఇంకొకామె. పెద్దమనిషి పక్కకు జరిగాడు. తర్వాత మీద తెల్లగుడ్డ కప్పి పాడె లేపారు. దారాలు ఇంకా తడిగానే ఉన్నాయి. వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాం. మోచేతి పైన, ఆ తెల్లగుడ్డ మీదికి పసుపు ఊరుతూ కనబడింది.