ఉలవలు పట్టుకునే చక్కెర

నా ఉద్యోగం గురించి ఎవరడిగినా "రంగులు వేస్తాను" అని తప్పించుకుంటాను. నిజానికి చిట్టెలుక పిండాల కాలేయాన్ని ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, ఉలవల నుంచి తీసిన ఒక ప్రోటీన్‌ను దాని మీద వేస్తాను. పైత్యరసం పారే నాళాలుగా మారబోయే కణాల పైన ఒక రకం చక్కెర తయారవుతుంది. ఆ ప్రోటీన్ వెతుక్కుంటూ పోయి ఆ చక్కెరనే పట్టుకుంటుంది. రంగు అక్కడ మాత్రమే నిలుస్తుంది.

విడవలూరులో ఉండే మా అక్కకు ఉలవల సంగతి రెండేళ్లు దాచాను. ఆమె తొలి కాన్పు పాప నెల దాటినా పచ్చగానే ఉండింది. అందరిలాగే పొద్దుటెండలో పడుకోబెట్టాం. గుడ్డలు ఉతికే పని నాది. పాప దొడ్డికి పోతే సుద్దలా తెల్లగా ఉండేది, నీళ్లలో ముంచితే మరక మిగిలేది కాదు. "పాలు తాగే బిడ్డ గదా, తెల్లగానే పోతాది" అని నేనే పెద్ద ఆరిందాలా చెప్పాను. ఇంటర్‌లో బైపీసీ చదివే పిల్లను ఎవరు కాదంటారు? నెల్లూరు తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది. కాలేయంలో పైత్యరసం పారే నాళాలు మూసుకుపోయాయన్నారు. పాప ఏడాది నిండకుండానే పోయింది. కడుపుతో ఉండి ఉలవ గుగ్గిళ్లు తిన్నందుకే వేడి చేసిందని ఊళ్లో అన్నారు. అక్క నమ్మింది. ఆ ఇంట్లో మళ్లీ ఉలవలు ఉడకలేదు.

నా మీద నాకు ఇప్పటికీ కోపమే. అంతకన్నా ఎక్కువగా, ఆ పాపను ఒక్కసారి ఎత్తుకోవాలనిపిస్తుంది.

పోయిన నెల ఊరికి పోయినప్పుడు, నేను రంగు వేసిన కాలేయపు ముక్క ఫోటో ఫోన్‌లో చూపించి అక్కకు అంతా చెప్పేశాను.

"ఉలవలా?" అంది. ఫోన్ చేతిలోకి తీసుకుంది. "తింటే ఏం కాదా?"

"ఏం కాదక్కా. తిన్నందుకు రాదది."

రంగు పట్టిన నాళాల గోధుమరంగు గుండ్రాలను వేళ్లతో పెద్దవి చేసి చూసింది. "నా బిడ్డకు గూడా ఇవి వచ్చుంటాయా?"

"చాలామందికి వచ్చి, తర్వాత చెడిపోతాయంటారు."

"అయితే నా కడుపులో ఉన్నన్నాళ్లు బాగానే ఉండిందంటావా మే?"

"బాగానే ఉండిందక్కా," అన్నాను. ల్యాబ్‌లో అయితే ఇంత తక్కువ ఆధారంతో ఆ మాట రాసేదాన్ని కాదు.